నైట్ డ్యూటీ వాళ్లు మెలటోనిన్ ఎప్పుడు వేసుకోవాలి, ఎంత వేసుకోవాలి

పొద్దున్నే డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఒళ్లంతా హూనమైపోయినా కళ్లు మాత్రం మూతపడక, పది దాటాక ఎప్పుడో కునుకు పడితే పదకొండున్నరకల్లా కూరగాయల బండి మైకుకో, గ్యాస్ సిలిండర్ అబ్బాయి బెల్లుకో లేచి కూర్చునేవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు. ఈ మధ్య అలాంటివాళ్లు ఒకరికొకరు చెప్పుకునే మందు మెలటోనిన్. అమెరికా షిఫ్టు చేసే ఐటీ పిల్లల బ్యాగుల్లో ఉంటుంది, ఆసుపత్రి నర్సుల దగ్గర ఉంటుంది, డాలస్ నుంచి సెలవులకి వచ్చిన చుట్టాలు చాక్లెట్లతో పాటు ఒక డబ్బా తెచ్చి ఇచ్చి వెళ్తుంటారు. పనికొస్తుందా అంటే కాస్త పనికొస్తుంది. కాకపోతే అట్ట మీద "రాత్రి పడుకునే ముందు ఒకటి" అని రాసి ఉంటుంది, మనకేమో రాత్రి పడుకోవడమే లేదు, ఇక్కడే అందరూ తికమకపడతారు.

ముందు ఇది ఏం చేస్తుందో తెలిస్తే ఎప్పుడు వేసుకోవాలో దానంతటదే అర్థమవుతుంది. మెలటోనిన్ మన ఒంట్లో తయారయ్యేదే. మెదడులో పీనియల్ అనే చిన్న గ్రంథి చీకటి పడ్డాక దీన్ని రక్తంలోకి వదులుతుంది. 1958లో అమెరికాలో యేల్ యూనివర్సిటీలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు దీన్ని మొదటిసారి విడదీసి చూపించాడు. రాత్రి పదకొండుకి పడుకునే అలవాటున్న మనిషికి తొమ్మిదింటి నుంచే పెరగడం మొదలై, రెండుకీ నాలుగుకీ మధ్య బాగా ఎక్కువై, తెల్లారేసరికి తగ్గిపోతుంది. అంటే ఇది "చీకటి పడింది" అని ఒళ్లంతటికీ చాటే దండోరా అనుకోండి. దండోరా వేసినంత మాత్రాన ఊరంతా పడుకోదు కదా, పడుకునే వీలు కూడా ఉండాలి. ఆల్ప్రజోలం, జోల్పిడెం లాంటి నిద్రమాత్రలు మెదడుని నేరుగా మత్తులోకి దించుతాయి, అవి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు. మందుల షాపులో "నిద్రకి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే ఏది చేతిలో పెడతారో చెప్పలేం, కాబట్టి పేరు చెప్పి అడగండి, స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి.

ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా ముందే చెప్పేస్తా. షిఫ్టు పనివాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి కోక్రేన్ సంస్థ 2014లో ఒక సమీక్ష వేసింది. నైట్ షిఫ్టు తర్వాత మెలటోనిన్ వేసుకున్నవాళ్లు పగలు సగటున 24 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు, అంతే. ఆ పరీక్షలు కూడా అంత గట్టివి కావని కోక్రేన్ వాళ్లే రాశారు. మందు 1 మిల్లీగ్రాము నుంచి 10 దాకా ఇచ్చి చూశారు, డోసు పెరిగిన కొద్దీ నిద్ర పెరగలేదు. రోజుకి నాలుగు గంటలు పడుకునేవాడికి ఇరవై నాలుగు నిమిషాలు తక్కువేం కాదు, కానీ ఎనిమిది గంటలు మొద్దునిద్ర పోతానని కొనుక్కుంటే మాత్రం నిరాశే మిగులుతుంది.

డోసు సంగతి

తక్కువతో మొదలుపెట్టండి. అర మిల్లీగ్రాము నుంచి 3 మిల్లీగ్రాముల లోపు చాలు. మన దగ్గర ఎక్కువగా దొరికేది 3 మిల్లీగ్రాముల మాత్ర, దాన్ని చాకుతో సగం చేసుకుని ఒకటిన్నరతో మొదలుపెట్టొచ్చు. నాలుగైదు రోజులు చూసి, చాలట్లేదనిపిస్తే పూర్తి మాత్ర. 5 దాటి వెళ్లాల్సిన అవసరం మామూలుగా రాదు, 10 మిల్లీగ్రాములు వేసుకుని "సాయంత్రం లేచాక తల దిమ్ముగా ఉంటోంది" అనేవాళ్లు డోసు తగ్గిస్తే చాలు. స్ట్రిప్ మీద ఎస్.ఆర్ అనో ప్రొలాంగ్డ్ రిలీజ్ అనో ఉంటే దాన్ని విరగ్గొట్టకూడదు, అది మెల్లగా కరిగేలా చేసినది, విరిస్తే మొత్తం ఒకేసారి దిగిపోతుంది. మామూలు మాత్ర అయితే గంట లోపే రక్తంలోకి చేరి, ఆ తర్వాత ప్రతి ముప్పావు గంటకో గంటకో సగానికి సగం తగ్గిపోతుంది. అందుకే పడుకోవడానికి సాయపడినా, మధ్యలో సిలిండర్ అబ్బాయి బెల్లు కొట్టినప్పుడు అది మిమ్మల్ని మళ్లీ పడుకోబెట్టలేదు.

గమ్మీలు, అంటే జెల్లీ మిఠాయిలా నమిలే మెలటోనిన్, వద్దంటాను. అమెరికాలో అమ్మే గమ్మీల్లో 25 రకాలు తీసుకుని 2023లో పరీక్షిస్తే 22 రకాల్లో లోపలున్నదానికీ లేబుల్‌కీ పొంతన లేదు. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ సరుకు పరీక్షించారు, రాసినదాని కంటే 83 శాతం తక్కువ ఉన్నవీ కనిపించాయి, 478 శాతం ఎక్కువ ఉన్నవీ కనిపించాయి, ఎనిమిదింటిలో అసలు ఉండకూడని సెరటోనిన్ అనే ఇంకో రసాయనం ఉంది. అమెరికాలో 1994 చట్టం ప్రకారం ఇది మందు కాదు, సప్లిమెంట్, అందుకే అక్కడ సూపర్‌మార్కెట్లో చిప్స్ పక్కనే దొరుకుతుంది. బ్రిటన్‌లో అయితే డాక్టరు రాయనిదే ఇవ్వరు, అక్కడ నర్సులుగా చేస్తున్న మనవాళ్లు జీపీని, అంటే తమ ఫ్యామిలీ డాక్టర్ని, అడగాల్సిందే. గమ్మీలతో ఇంకో తంటా, పిల్లలు మిఠాయి అనుకుని తినేస్తారు. అమెరికాలో పిల్లలు మెలటోనిన్ మింగారని పాయిజన్ సెంటర్లకి వచ్చిన కేసులు 2012లో ఎనిమిది వేల చిల్లర ఉంటే 2021లో యాభై రెండు వేలు దాటాయి. చుట్టాలు తెచ్చిన డబ్బా ఫ్రిజ్ మీద పెట్టేసి వదిలేయకండి.

అమెరికా షిఫ్టు వాళ్లకి

న్యూయార్క్ టైముతో పనిచేసే టీమ్ అయితే మన సాయంత్రం ఆరున్నరకి లాగిన్, తెల్లవారుజామున మూడున్నరకి లాగవుట్. క్యాబ్ దింపేసరికి నాలుగున్నర. నిజానికి మీది అందరికంటే నయమైన పరిస్థితి, ఎందుకంటే సూర్యుడు రాకముందే పడుకునే వీలుంది. ఆ వీలుని చాలామంది ఫోన్ చూస్తూ, క్యాబ్ దిగి టీ కొట్టు దగ్గర ముచ్చట్లు పెడుతూ పోగొట్టుకుంటారు. ఇంట్లో అడుగుపెట్టగానే మాత్ర వేసుకుని, ట్యూబ్‌లైట్ వెయ్యకుండా చిన్న బల్బుతో స్నానం అవీ కానిచ్చి, అరగంట, ముప్పావు గంటలో మంచమెక్కండి. క్యాబ్‌లో వేసుకోవద్దు, ట్రాఫిక్ జామ్ అయినా, డ్రాపింగ్‌లో మీరు చివరి వాళ్లయినా నిద్ర వచ్చే సమయం కుర్చీలోనే అయిపోతుంది. ఆఫీసు నుంచి సొంత బండి మీద వచ్చేవాళ్లయితే ఇంటికి చేరాకే, ఇందులో బేరాల్లేవు.

మీకు అసలు గండం శని, ఆదివారాలు. ఇంట్లో అందరితో పాటు రాత్రి పదింటికి పడుకుని ఆరింటికి లేస్తే, సోమవారం మళ్లీ మొదటికొస్తుంది. చికాగోలోని రష్ యూనివర్సిటీలో చార్మేన్ ఈస్ట్‌మన్ బృందం దీనికి మధ్యేమార్గం ఒకటి పరీక్షించి చూపించింది: నైట్ డ్యూటీ రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా, సెలవు రోజుల్లో తెల్లవారుజామున మూడింటి నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా నిద్ర. అంటే పూర్తిగా రాత్రి మనిషీ కాకుండా, పూర్తిగా పగటి మనిషీ కాకుండా ఉండటం. అమెరికా షిఫ్టు వాళ్లకి ఇది ఇంకా తేలిక, మామూలు రోజుల్లో ఐదింటికి పడుకుంటారు కాబట్టి సెలవు రోజు రెండున్నర, మూడుకి పడుకుంటే సరిపోతుంది. ఆదివారం పొద్దున్నే గుడికో పెళ్లికో వెళ్లాల్సి వస్తే వెళ్లండి, ఒక్క రోజుకి కొంప మునగదు.

ఇంకొకటి. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మన షిఫ్టు సాయంత్రం ఏడున్నర నుంచి తెల్లవారుజామున నాలుగున్నర దాకా అవుతుంది. మార్చి రెండో ఆదివారం మళ్లీ గంట ముందుకొస్తుంది. నవంబరు మార్పు పెద్దగా తెలియదు, మన ఒంటికి ఆలస్యంగా పడుకోవడం ఎప్పుడూ సుళువే. మార్చిలోనే వారం పది రోజులు పిచ్చెక్కినట్టుంటుంది. ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు నుంచి మాత్రనీ, పడకనీ రోజుకి పావుగంట చొప్పున ముందుకి జరుపుకుంటూ రండి.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చేసేవాళ్లకి

నర్సులు, స్టీల్ ప్లాంట్ సి షిఫ్టు వాళ్లు, సెక్యూరిటీ వాళ్లు, వీళ్లది అన్నిటికంటే కష్టమైన టైము, ఎందుకంటే ఇంటికొచ్చే దారంతా ఎండే. మన ఒంటి ఉష్ణోగ్రత మామూలుగా తెల్లవారుజామున నాలుగైదు గంటలకి అన్నిటికంటే కిందికి దిగుతుంది, ఆ తర్వాత కంట్లో పడే వెలుతురు లోపలి గడియారాన్ని ముందుకి తోస్తుంది, అంటే "పొద్దున్నే లేచే మనిషివి నువ్వు" అని గట్టిగా చెబుతుంది. మెలటోనిన్‌ది సరిగ్గా దీనికి రివర్సు. పొద్దున వేసుకుంటే గడియారాన్ని వెనక్కి లాగుతుంది, నైట్ డ్యూటీ వాళ్లకి కావలసింది అదే. కానీ అరగంట ఎండలో వచ్చి ఆ తర్వాత మాత్ర వేసుకుంటే ఒక చేత్తో గుంజి ఇంకో చేత్తో తోసినట్టే. డ్యూటీ దిగి బయటికొచ్చేటప్పుడే నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, బస్సులో కిటికీ పక్కన కూర్చోకండి. బండి నడిపేవాళ్లకి ఒక మినహాయింపు: కళ్లు మూతలు పడుతుంటే అద్దాలు తీసేయండి, ఇంకా తూగుతుంటే బండి పక్కకి ఆపి పదిహేను నిమిషాలు కునుకు తీయండి. కంట్లో ఎండ పడినందుకు నిద్ర చెడితే చెడనివ్వండి, ప్రాణం కంటే ఎక్కువ కాదు.

ఏడింటికి ఇల్లు చేరి, ఏడున్నరకి మాత్ర, ఎనిమిదింటికి మంచం. ఇదీ లెక్క. పిల్లల్ని స్కూలుకి పంపే పని మీదే అయితే అది అయ్యాకే మాత్ర, లేకపోతే టిఫిన్ బాక్సు కడుతూ తూగుతుంటారు, స్కూలు దగ్గర దింపడానికి బండి కూడా తీయాల్సి వస్తే మరీ ప్రమాదం. మాత్ర వేసుకున్నాక ఐదు గంటల పాటు డ్రైవింగ్ వద్దు, మిషన్ పని వద్దు. ఆసుపత్రి నుంచి "అర్జెంటుగా రండి" అని ఫోన్ వచ్చే అవకాశమున్న రోజు అసలు వేసుకోకండి.

డ్యూటీలో రాత్రి రెండింటికి కాసేపు పడుకునే వీలున్నవాళ్లు ఆ కునుక్కి మెలటోనిన్ వాడకూడదు. ఆ కునుకు ఇరవై నిమిషాలు చాలు, మాత్రతో అయితే లేచాక కూడా మత్తు వదలదు, పేషెంట్ల మందులు లెక్కపెట్టే చేతులవి. మొదటి నైట్ డ్యూటీ రోజు మధ్యాహ్నం గంటన్నర పడుకుని వెళ్లడం ఇంతకంటే ఎంతో మేలు, దానికి మాత్ర అక్కర్లేదు.

టీ, కాఫీల సంగతి. తెల్లవారుజామున నాలుగింటికి అందరూ తాగే ఆ గ్లాసుడు టీయే సగం నిద్రని తినేస్తుంది. కాఫీలోని కెఫీన్ ఐదారు గంటల తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. పొద్దున ఎనిమిదికి పడుకోవాలంటే రాత్రి రెండు తర్వాత టీ, కాఫీలు బంద్. మొదటి సగంలో ఎన్ని కావాలంటే అన్ని తాగండి.

టర్నులు మారేవాళ్లకి

వారం పొద్దున 'ఏ' షిఫ్టు, వారం మధ్యాహ్నం 'బి', వారం రాత్రి 'సి' అని తిరిగేవాళ్లు మెలటోనిన్‌తో ఒంటిని నైట్ డ్యూటీకి అలవాటు చేసుకోవాలని చూడకండి. గడియారం మహా జరిగితే రోజుకి ఓ గంట జరుగుతుంది, మీరు అలవాటు పడేలోపు టర్ను మారిపోతుంది. సి షిఫ్టు వారంలో పగటి నిద్ర కాస్త సాగడానికి పొద్దున ఒక మాత్ర, అంతవరకే. బి షిఫ్టులో ఏమీ వద్దు, పది, పదకొండింటికి ఇల్లు చేరి హాయిగా పడుకుంటారు.

ఎవరూ పట్టించుకోనిది పొద్దున 'ఏ' షిఫ్టు. ఆరింటికి గేటు దగ్గర ఉండాలంటే నాలుగున్నరకి లేవాలి, అంటే తొమ్మిదింటికి నిద్రపోవాలి, ఆ టైముకి ఇంట్లో టీవీ మంచి ఊపులో ఉంటుంది, మీకేమో నలుసంత నిద్ర కూడా రాదు. నా లెక్కలో మెలటోనిన్‌కి మంచి వాడకం ఇదే. గడియారం ముందుకి జరగాలంటే పడుకునేటప్పుడు కాదు, సాయంత్రమే వేసుకోవాలి. మామూలుగా పదకొండింటికి పడుకునేవాళ్లయితే సాయంత్రం ఏడింటికి అర మిల్లీగ్రామో ఒకటో, అంతకంటే వద్దు, ఎక్కువైతే అన్నం ముందు కూర్చునే తూగుతారు. బయట పనులు, బండి తీసే పనులు అంతకు ముందే చూసుకోండి. మాత్ర తర్వాత ఇంట్లో లైట్లు తగ్గించి, పొద్దున లేవగానే వెలుతురులోకి రండి. ఈ 'ఏ' షిఫ్టు మొదలయ్యే రెండు మూడు రోజుల ముందు నుంచి ఇలా చేస్తే ఆ సోమవారం ఏడుపు తగ్గుతుంది. టర్నులు వేసే చోట మీ మాట చెల్లితే ఏ, బి, సి అనే వరుసలో తిప్పమనండి, వెనక్కి తిప్పితే ఒళ్లు పడే అవస్థ ఎక్కువ.

ఆఖరి నైట్ డ్యూటీ దిగిన రోజు మాత్ర వేసుకుని పగలంతా పడుకోకండి. రెండు మూడు గంటలకి అలారం పెట్టుకుని లేవండి, సాయంత్రం దాకా వెలుతురులో తిరగండి, మాత్ర కావాలంటే రాత్రి తొమ్మిదిన్నరకి.

గది

మాత్ర మీద పెట్టే శ్రద్ధలో సగం గది మీద పెడితే చాలు. మంచం మీద పడుకుని చెయ్యి చాచి చూడండి, వేళ్లు లెక్కపెట్టగలిగితే ఆ గది పనికిరాదు. ఖరీదైన కర్టెన్లు అక్కర్లేదు, నల్ల చార్టు కాగితం కిటికీ అద్దాలకి టేపుతో అంటించి, తలుపు కింద సందులో పాత తువ్వాలు చుట్టి పెడితే చాలా వరకు పని అయిపోతుంది. అద్దె ఇల్లయితే టేపు మచ్చ పడకుండా కాగితానికి బదులు ముదురు రంగు దుప్పటి మేకులకి తగిలించండి. ఏసీ, రౌటర్ల మీద వెలిగే చిన్న లైట్లకి కూడా ఒక టేపు ముక్క. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు పగలు నలభై నాలుగు దాటుతుంది, ఆ వేడిలో ఏ మాత్రా నిద్ర పట్టించదు, కూలర్ లేకుండా మెలటోనిన్ కొనడం డబ్బు దండగ. ఫోన్ సైలెంట్‌లో పెట్టి, డెలివరీ వాళ్లకి ఇంట్లో ఇంకొకరి నంబరు ఇవ్వండి. ఇక అత్తగారో అమ్మో మధ్యాహ్నం పన్నెండింటికి "అన్నం తిని పడుకో నాన్నా" అని ప్రేమగా లేపేస్తుంటారు, వాళ్లకి ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పాలి: అది నా అర్ధరాత్రి అని.

తిండి కూడా చెప్పాలి. డ్యూటీ దిగి రోడ్డు పక్క బండి దగ్గర నాలుగు పూరీలు లాగించి ఆ వెంటనే మాత్ర వేసుకుంటే, మెలటోనిన్ ఉన్నప్పుడు ఇన్సులిన్ తక్కువ వస్తుంది కాబట్టి షుగర్ ఎక్కువ పెరుగుతుంది. షుగర్ ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. డ్యూటీలోనే ఐదింటికి ఏదైనా తేలికగా తినేసి, ఇంటికొచ్చాక మజ్జిగో అరటిపండో తీసుకుని పడుకోవడం మంచిది.

ఎవరు వేసుకోకూడదు

కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు వద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబరిచే మందులు, బీపీ మాత్రలు, మూర్ఛ మందులు, అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఓసీడీకి (ఒకే ఆలోచన, ఒకే పని మళ్లీ మళ్లీ పీడించే జబ్బు) ఇచ్చే ఫ్లూవోక్సమిన్ అయితే మెలటోనిన్‌ని రక్తంలో చాలా రెట్లు పెంచేస్తుంది, ఆ రెండూ కలవకూడదు. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో కూడా ఎక్కువ నిలుస్తుంది, తక్కువ డోసు చాలు. సిగరెట్ తాగేవాళ్లలో తొందరగా కరిగిపోతుంది, అలాగని డోసు పెంచకండి. మందు కొట్టి దాని మీద ఇది వేసుకోవడం, వేరే నిద్రమాత్రతో కలిపి వేసుకోవడం రెండూ చెడ్డ పనులే. మామూలుగా వచ్చే ఇబ్బందులు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, విచిత్రమైన కలలు, డోసు తగ్గిస్తే చాలావరకు తగ్గుతాయి.

రెండు మూడు వారాలు వాడి చూడండి. ఎన్నింటికి వేసుకున్నారు, ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, ఈ మూడే ఫోన్‌లో రాసుకోండి. టైము సరిగ్గా పెట్టి, గది చీకటి చేసి కూడా తేడా లేకపోతే ఆపేయండి, దీన్ని నిద్రమాత్రల్లాగా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాల్సిన పనిలేదు. నైట్ డ్యూటీలో మూడు నెలలుగా ఇదే బాధ ఉన్నా, పని మధ్యలో మీకు తెలియకుండానే కళ్లు మూతపడుతున్నా, పక్కన పడుకునేవాళ్లు "గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తున్నావు" అంటున్నా అది మెలటోనిన్‌తో తీరే వ్యవహారం కాదు. పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) దగ్గరికి వెళితే స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి అవీ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష, రాస్తారు, ఇంటి దగ్గరే మిషన్ తగిలించుకుని చేసుకునేవి కూడా ఉన్నాయి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే నైట్ డ్యూటీ అని చెప్పి, పరీక్ష మీరు రోజూ పడుకునే టైముకి పెట్టగలరేమో అడగండి, డ్యూటీల వివరం, ఫోన్‌లో రాసుకున్న లెక్క రెండూ పట్టుకెళ్లండి.